జీవాన్ని కోసేటప్పుడు తొందర వద్దు: మెట్ట ప్రాంత గొర్రెల, మేకల రైతులకు సూచనలు

ముండ్లమూరు, తాళ్లూరు, దర్శి మొదలుకొని పొదిలి, మార్కాపురం, గిద్దలూరు దాకా మెట్ట రైతుకు జీవాలే ఆసరా. కంది ఎండిపోయినా, మిర్చి ధర పడిపోయినా నాలుగు పొట్టేళ్లు అమ్మితే ఆ నెల గడుస్తుంది. అమ్మేవాటిని సంతకు తోలతాం. పోలేరమ్మ కొలుపుకు, పెళ్లికి, ఆదివారం పోగులకు మాత్రం చాలా ఊళ్లలో రైతులే వేపచెట్టు కిందో, పశువుల కొట్టం పక్కనో కోసుకుంటారు. కటిక దుకాణంలో రోజూ కత్తి పట్టేవారికి చేయి తిరిగి ఉంటుంది. నెలకోసారి, రెండు నెలలకోసారి కోసే రైతుకు అంత అలవాటు ఉండదు.

గొర్రెల పెంపకం పుస్తకాలు మేత, టీకాలు, నట్టల మందు గురించి చెబుతాయి. కోత దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాయి. కోతలో మనిషికి వచ్చే ప్రమాదాలు రెండు. ఒకటి కత్తి గాటు. రెండోది జీవం నుంచి మనిషికి అంటుకునే జబ్బు. ఈ రెండూ ఎక్కువగా తొందర వల్లే వస్తాయి.

కోయాలా, వద్దా?

మందలో ఒక గొర్రె పొద్దున్నే పడిపోయి ఉంటుంది. పదివేల పైచిలుకు విలువ చేసే జీవం. "ఊపిరి ఉండగానే కోసేద్దాం, కనీసం మాంసమైనా దక్కుతుంది" అని ఎవరో ఒకరు అంటారు. అప్పటికే చచ్చి ఉంటే "చిటుకు రోగమేలే, ఇందాకే పోయింది, ఏం కాదు" అంటారు. ఆ మాట విని కత్తి తీయడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

చిటుకు రోగంతో గొర్రెలు హఠాత్తుగా చనిపోవడం నిజమే. కొత్త చిగురు మేసిన తొలకరి రోజుల్లో, బాగా బలిసిన పిల్లల్లో ఇది ఎక్కువ. అయితే దొమ్మ రోగం, అంటే అంత్రాక్స్ కూడా అచ్చం అలాగే చంపుతుంది. సాయంత్రం మేసి వచ్చిన జీవం తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. బయటి నుంచి చూసి ఈ రెండింటిని విడదీసి చెప్పడం అనుభవం ఉన్న కాపరికి కూడా కష్టం. ముక్కు, నోరు, ఆసనం నుంచి నల్లటి రక్తం కారడం, ఆ రక్తం గడ్డకట్టకపోవడం, కళేబరం తొందరగా ఉబ్బిపోవడం, కాళ్లు బిగుసుకుపోకపోవడం దొమ్మ రోగానికి గుర్తులు. గొర్రెల్లో ఇవన్నీ ప్రతిసారీ కనిపించవు. గుర్తులు లేవు కదా అని ధైర్యం చేయకూడదు.

దొమ్మ రోగపు క్రిమి కళేబరం లోపల ఉన్నంతవరకు పెద్దగా నిలవదు, కుళ్లుతో పాటే చాలావరకు నశిస్తుంది. కత్తితో పొట్ట చీల్చి గాలి తగలనిస్తే మాత్రం అది గట్టి పెంకు కట్టుకుని మట్టిలో పదుల ఏళ్లు బతుకుతుంది. కోసినవారి చేతి మీద చిన్న గీత ఉన్నా అందులోంచి లోపలికి పోతుంది. కూర ఉడికింది కదా అని భరోసా పెట్టుకోవద్దు, ఆ పెంకు మామూలు ఉడుకుకు లొంగదు. ఉమ్మడి విశాఖ జిల్లా మన్యం గ్రామాల్లో చచ్చిన జీవాల మాంసం కోసుకుని తిన్నవారికి అంత్రాక్స్ సోకిన సంఘటనలు పలుమార్లు జరిగాయి. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు ఈ రోగంతోనే చనిపోయాయి. ఇది ఎక్కడో మన్యంలో ఉండే జబ్బు, మన మెట్టకు రాదు అనుకోవడానికి లేదు.

కాబట్టి దానంతట అది చచ్చిన జీవాన్ని, కారణం తెలియకుండా పడిపోయి కొట్టుకుంటున్న జీవాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు. 1962 నంబరుకు ఫోన్ చేయండి. లేదా రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి. పశువైద్యుడు కళేబరాన్ని చీల్చకుండానే చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి గాజు పలక మీద పరీక్షకు తీసుకుంటారు. దొమ్మ రోగమని తేలితే మిగతా మందకు టీకా వేస్తారు. ఆ ఫోన్ చేయకపోతే పోయేది ఒక్క గొర్రె కాదు. అదే చోట మేసే మంద మొత్తానికి ముప్పు వస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. జీవాలకు బీమా చేయించి ఉంటే పరిహారానికి పశువైద్యుడి ధ్రువీకరణ, చెవి పోగు చూపించాలి. కోసి పోగులు వేసేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. పదిమందికి పంచగా వచ్చే డబ్బు కోసం బీమా సొమ్ము వదులుకున్నట్టే.

చచ్చినదాన్ని బావికి, వాగుకు దూరంగా ఆరడుగుల లోతు గుంటలో పాతిపెట్టాలి. ముందు ముక్కు, నోరు, ఆసనం దగ్గర సున్నం చల్లి గుడ్డ దూర్చాలి. ఈడ్చుకుపోవద్దు, ఈడిస్తే దారి పొడవునా రక్తం కారుతుంది. పాత పట్టాలో చుట్టి మోయాలి. గుంటలో కింద, పైన సున్నం పోసి, మట్టి కప్పాక ముళ్లకంప వేస్తే కుక్కలు తవ్వవు. పట్టాను కూడా గుంటలోనే వేయాలి.

బాగున్న జీవం అంటే ఏది?

కోయబోయే జీవాన్ని ముందురోజు సాయంత్రమే మందలోంచి వేరు చేసి చూడాలి. నెమరు వేస్తోందా, పేడ గట్టిగా ఉందా, ముక్కు కారుతోందా, మూతి చుట్టూ పుండ్లు ఉన్నాయా అని గమనించాలి. గొర్రె ఒంటి వేడి 102 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలే. 104 దాటి, జీవం దిగులుగా ఉంటే ఆ రోజు కోత మానుకోవడం మేలు. మూతి పుండ్లలో ఒక రకం కోసేవారి వేళ్లకు కూడా అంటుకుని పుండ్లు చేస్తుంది. సూడి గొర్రెను కోయవద్దు. తెలియక కోసినా, గర్భసంచిని వట్టి చేతులతో పట్టుకోవద్దు. ఈసుకుపోయే రోగం బ్రూసెల్లా అలాగే మనిషికి వస్తుంది, నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులతో బాధిస్తుంది.

సూది మందు ఎప్పుడు వేయించారో గుర్తు చేసుకోవాలి. మందు వేశాక మాంసానికి ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద రాసి ఉంటుంది. ఎక్కువ రోజులు పనిచేసే కొన్ని యాంటీబయాటిక్‌లకు ఈ గడువు మూడు, నాలుగు వారాలు కూడా ఉంటుంది. నట్టల మందుకూ ఇలాంటి గడువే ఉంది.

రాత్రి మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టాలి. పన్నెండు గంటలు మేత లేకపోతే పొట్ట తేలికవుతుంది, చీల్చేటప్పుడు పగిలి మాంసం మీద పడే ప్రమాదం తగ్గుతుంది. తరిమి, ఈడ్చి, బెదరగొట్టి తెచ్చిన జీవాన్ని వెంటనే కోస్తే మాంసం నల్లగా, జిగటగా ఉండి తొందరగా పాడవుతుంది. బెదిరిన జీవం కాళ్లు విదిలిస్తే కత్తి మన చేతికే తగులుతుంది. నీడన కట్టేసి కాసేపు ఊరుకోనివ్వండి.

కత్తి సంగతి

మొద్దుబారిన కత్తి సురక్షితం అనే అపోహ చాలామందిలో ఉంది. గాట్లు ఎక్కువగా మొద్దు కత్తితోనే పడతాయి. పదును లేనప్పుడు బలం పెట్టి నొక్కుతాం. బలం పెట్టినప్పుడు కత్తి ఎముక మీద జారితే ఆ బలమంతా మన వేలి మీదకు వస్తుంది. పదునున్న కత్తి తన బరువుతోనే దిగుతుంది, చేయి మన అదుపులో ఉంటుంది.

సానరాయిని తడిపి, కత్తిని దాని మీద పడుకోబెట్టి, వెన్ను కొద్దిగా పైకి లేపి నూరాలి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న కత్తికి వెన్ను కింద చిటికెన వేలి మందం ఎత్తు చాలు. రెండు వైపులా సమానంగా నూరాలి. పదును చూడటానికి బొటనవేలు పెట్టవద్దు, పాత పేపరు ముక్క కోసి చూడండి. కోత మధ్యలో కత్తి బరువెక్కినట్టు అనిపిస్తే అక్కడే ఆపి మళ్లీ నూరాలి. "ఈ ఒక్క తొడ అయిపోనీ" అని లాగించినప్పుడే జారుతుంది.

కత్తులు రెండు ఉండాలి. తోలుకు, కీళ్లకు సన్నటి పొట్టి కత్తి. బొమికలకు బరువైన వెడల్పు కత్తి. ఒక్కదానితోనే అన్నీ చేస్తే సన్నటి కత్తి విరుగుతుంది, బరువు కత్తి తప్పిన చోట పడుతుంది. పిడి ఊగుతుంటే దానికి గుడ్డ చుట్టి సరిపెట్టవద్దు. గుడ్డ రక్తం, కొవ్వు పీల్చుకుని ఇంకా జారుతుంది. గొర్రె కొవ్వు చన్నీళ్లకు పోదు, గడ్డకడుతుంది. పక్కన వేడినీళ్లు, సబ్బు పెట్టుకుని చేతులు, పిడి తరచు కడుక్కోవాలి.

కత్తిని నీళ్ల బకెట్లో వేయవద్దు, మాంసం కింద దాచవద్దు. ఇంకొకరు చూడకుండా చేయి పెడతారు. చేతిలోంచి కత్తి జారితే పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీసుకుని పడనివ్వండి. చెప్పులు లేకుండా కోతకు దిగవద్దు, వేళ్లు మూసే బూట్లయితే ఇంకా మంచిది. కత్తి పట్టని చేతికి వేసుకునే స్టీలు జాలీ తొడుగులు మార్కెట్లో దొరుకుతాయి. ఏడాదికి పది జీవాలు కోసేవారికైనా అది దండగ ఖర్చు కాదు.

తోలు, పొట్ట

రక్తం పూర్తిగా కారాక, వెనక కాలి మడమ దగ్గర నరానికి, ఎముకకు మధ్య తాడు దూర్చి గట్టి కొమ్మకు వేలాడదీయాలి. నేల మీద వంగి తోలు తీస్తే నడుము నొప్పి, మాంసానికి మట్టి. కోసే భాగం ఛాతీ ఎత్తున ఉండాలి. ఛాతీ కంటే పైనున్నదాన్ని కిందికి లాగి కోస్తే కత్తి ముఖం మీదకు వస్తుంది.

తోలు తీయడానికి కత్తి అవసరం చాలా తక్కువ. కాళ్ల దగ్గర, పొట్ట మధ్యన గీత పెట్టాక పిడికిలితో తోలుకు, మాంసానికి మధ్య నెట్టుకుంటూ పోతే తోలు ఊడి వస్తుంది. చేతికి గాటు పడదు, తోలుకు చిల్లు పడదు.

పొట్ట చీల్చేటప్పుడు కత్తి పదును బయటివైపు ఉండాలి. చిన్న గీత పెట్టి అందులో రెండు వేళ్లు దూర్చి, వాటి మధ్య కత్తి మొన ఉంచి, వేళ్లతో పేగులను లోపలికి నెడుతూ పైనుంచి కిందికి కోయాలి. అంతకంటే ముందు మలద్వారం చుట్టూ కోసి దారంతో కట్టాలి, మెడ దగ్గర అన్నవాహికనూ కట్టాలి. కార్జానికి అంటుకుని ఉన్న పచ్చటి చేదు తిత్తిని చివర్లో, నెమ్మదిగా తీయాలి. అది పగిలితే అంటిన ముక్క కోసి పారేయడమే, కడిగినా చేదు పోదు.

ఇక్కడ కాసేపు ఆగాలి. అప్పుడే కోసిన కండ అదురుతూ ఉంటుంది, వెచ్చగా మెత్తగా జారుతుంది. పల్చటి శుభ్రమైన గుడ్డ కప్పి వేసవిలో అరగంట, చలికాలంలో గంట నీడన వేలాడనిస్తే కొవ్వు గట్టిపడి కత్తికి పట్టు దొరుకుతుంది. మన వైపు ఏప్రిల్, మే ఎండల్లో అంతకుమించి ఆగకూడదు, మాంసం పాడవుతుంది. అందుకే తెల్లవారుజామునే మొదలుపెట్టడం మంచిది. అయితే వెలుతురు వచ్చాకే. సెల్‌ఫోన్ లైటు వెలుగులో కోయడం కొలుపు రాత్రుల్లో బాగా ఎక్కువైంది. పైగా కోసేవారికి ముందే మందు పోస్తారు. కోత అయ్యాక పోయండి, ముందు వద్దు.

ముక్కలు కొట్టడం

పెద్ద ప్రమాదాలు ఇక్కడే. చాలామంది చింతమొద్దును నేలమీద పెట్టుకుని గొంతుక్కూర్చుని కొడతారు. మోకాలు, పాదం కత్తి దారిలోనే ఉంటాయి. మొద్దును ఇటుకల మీద నడుము ఎత్తుకు కదలకుండా నిలబెట్టి, నిలబడి కొట్టడం మేలు.

తొడ నుంచి బొమిక వేరుచేసేటప్పుడు కత్తిని ఎప్పుడూ మన వైపు లాగకూడదు. జారిన మొన తొడ లోపలి వైపు, గజ్జల్లో దిగితే అక్కడి పెద్ద రక్తనాళం తెగుతుంది. నిమిషాల్లో ప్రాణం పోతుంది. కటిక పనిలో చావులకు దారితీసే గాటు ఇదే. కత్తి కదలిక పక్కకు గానీ, బయటికి గానీ ఉండాలి. నడుము నుంచి మోకాళ్ల దాకా మందపాటి తోలు గానీ, రెక్సిన్ గానీ కట్టుకోవాలి.

కీలు తెలిస్తే బలం అక్కర్లేదు. కాలును అటూ ఇటూ ఆడించి చూస్తే కీలు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. దాని చుట్టూ నరాలు కోసి వంచితే తనే విడిపోతుంది. కీలు దొరక్క బొమిక మీద బాదితే బొమిక చిట్లి పెంకులు కూరలోకి, కంట్లోకి కూడా పోతాయి. బొమికలు కొట్టేటప్పుడు పొడవాటి కొసను పట్టుకుని కొట్టాలి. చివరికి జానెడు ముక్క మిగిలితే చేత్తో పట్టుకుని కొట్టవద్దు, దాన్ని అలాగే పోగులో వేయండి. కాస్త పెద్ద ముక్క వచ్చిందని ఎవరూ తగాదా పడరు.

కత్తిపీట మీద కోసేటప్పుడు ఇంకో జాగ్రత్త. అక్కడ కత్తి కదలదు, మన చేతులే కదులుతాయి. పీట మీద నుంచి లేచేటప్పుడు కత్తిని పడుకోబెట్టాలి. దాన్ని దాటుకుని ఎవరూ నడవకూడదు.

ముప్పై కిలోల పొట్టేలు నుంచి పద్నాలుగు, పదిహేను కిలోల మాంసం వస్తుంది. అలవాటు లేని చేతికి ముక్కలు కొట్టడానికే గంటన్నర పట్టినా ఎక్కువ కాదు. ఈలోగా గిన్నెలు, స్టీలు డబ్బాలు పట్టుకుని పదిమంది చుట్టూ చేరతారు. "నాకు కార్జం కాస్త ఎక్కువెయ్ మామా", "బస్సుకు టైమైంది, ముందు నాది ఇచ్చెయ్ అన్నా" అంటుంటే కొట్టేవాడి కన్ను మొద్దు మీద ఉండదు. కొట్టేవాడు ఒకడు, తూచి పోగులు వేసేవాడు ఇంకొకడు ఉండాలి. అడిగేవారు రెండోవాడినే అడగాలి. మొద్దు చుట్టూ రెండు బారల దూరం తాడు కట్టినా తప్పులేదు. పిల్లల్ని అటు రానివ్వవద్దు.

తెగితే

శుభ్రమైన గుడ్డను గాటు మీద పెట్టి గట్టిగా నొక్కి, చేయి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. పది నిమిషాలు తీసి చూడకుండా నొక్కాలి. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టే రక్తం మళ్లీ కారుతుంది. పసుపు, కాఫీపొడి, సున్నం, బూడిద పెట్టవద్దు, కుట్లు వేసే డాక్టరుకు అవి కడగడమే పెద్ద పని. రక్తం ఆగాక ధారగా పడే మంచినీళ్లతో, సబ్బుతో కడగాలి.

రక్తం ఆగినా వేలు వంగకపోతే, లేక వేలి కొసన స్పర్శ తెలియకపోతే లోపల నరమో, కండర తాడో తెగినట్టు. ఆ రోజే దర్శికో, ఒంగోలుకో ఆస్పత్రికి వెళ్లాలి. వారం తర్వాత వెళ్తే అతికించడం కష్టమవుతుంది, వేలు జీవితాంతం బిగుసుకుపోతుంది. వేలు తెగి ఊడిపోతే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి తీసుకెళ్లాలి. ఐసు నేరుగా తగిలితే కండ చచ్చిపోతుంది. తొడలో, గజ్జల్లో కత్తి దిగితే మనిషిని పడుకోబెట్టి, బరువంతా వేసి నొక్కి పట్టి 108కి ఫోన్ చేయాలి. కత్తి ఇంకా లోపలే ఉంటే లాగవద్దు.

ధనుర్వాతం సూది వేయించుకుని ఐదేళ్లు దాటితే గాటు చిన్నదైనా మళ్లీ వేయించుకోవాలి.

కుక్కలకు వేసేవి

కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తెల్లటి బుడగలు కొన్నిసార్లు కనిపిస్తాయి. గోళీ అంత నుంచి నిమ్మకాయ అంత వరకు ఉంటాయి. "ఇది పనికిరాదు" అని కోసి కుక్కకు విసరడం మన అలవాటు. ఆ బుడగల్లో ఒక రకం బద్దె పురుగు పిల్లలుంటాయి. అవి కుక్క పేగుల్లో పెరిగి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు కుక్క మలంతో మేత మీద, కూరగాయల మీద, కుక్కను నిమిరిన పిల్లల చేతుల మీద చేరతాయి. అలా మనిషి కడుపులోకి పోతే మనిషి కార్జంలోనూ అలాంటి బుడగే పెరుగుతుంది. ఏళ్ల తరబడి తెలియదు, చివరికి ఆపరేషన్ దాకా పోతుంది. బుడగలున్న భాగాన్ని పగలగొట్టకుండా కోసి లోతుగా పాతిపెట్టాలి, లేదా కాల్చేయాలి. మందకు కాపలా కాసే కుక్కకు పశువైద్యుడిని అడిగి నట్టల మందు క్రమంగా వేయించాలి.

కోత అయ్యాక మొద్దును గీకి, ఉప్పు రాసి రుద్ది, మరిగే నీళ్లు పోసి ఎండలో నిలబెట్టాలి. కత్తులు కడిగి, తుడిచి, నూరి, పిల్లలకు అందని చోట పెట్టాలి.

ఆ తర్వాత వారం రోజులు చేతుల్ని గమనించాలి. దోమ కుట్టినట్టు చిన్న పొక్కు లేచి, దురద పెట్టి, బొబ్బగా మారి, నొప్పి లేకుండానే మధ్యలో నల్లటి పెచ్చు కడితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అది దొమ్మ రోగం పుండు కావచ్చు. తొందరగా మందులు మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. డాక్టరు అడగకపోయినా, ఫలానా రోజున గొర్రెను కోశాను అని మీరే ముందు చెప్పండి. ఆ మాంసం పంచుకున్న ఇళ్లవారి పేర్లు కూడా చెప్పండి.